హజ్రత్ ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (రహ్మలై): జీవితం, జియారత్

జిల్ ఖాదా నెల వస్తోందంటే తాండూరు, జహీరాబాద్, నారాయణపేట వైపు ఎన్నో ముస్లిం ఇళ్లలో గుల్బర్గా ప్రయాణం మాట మొదలవుతుంది. 2014 నుండి ఆ ఊరి అధికారిక నామం కలబురగి. మన పెద్దలకు మాత్రం అది ఇప్పటికీ గుల్బర్గా షరీఫే. 1956 వరకు అది హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా. రాష్ట్రాలు విడిపోయాయి గాని రాకపోకలు తెగిపోలేదు. ఆ నెల 15న సందల్, 16న ఉర్సు, 17న దీపాల రోజు, అంటే చరాగాఁ. మహబూబ్ గుల్షన్ తోట నుండి గంధం ఊరేగింపు బయలుదేరి దర్గాకు చేరుతుంది. ముస్లిములే కాదు, హిందూ సోదరులు కూడా వేల సంఖ్యలో వస్తారు. దర్గా చుట్టూ దుకాణాలు వెలుస్తాయి. గాజులు, మిఠాయిలు, పిల్లల ఆటబొమ్మలు, రంగుల రాట్నాలతో పెద్ద తిరునాళ్లే జరుగుతుంది.

ఆ సమయంలోనే మసీదుల అరుగుల మీద ఒక వాదన కూడా లేస్తుంది. ఉర్సుకు పోవచ్చా, పోకూడదా? పోవచ్చనేవారు ఔలియాల మీద ప్రేమ గురించి మాట్లాడతారు. పోకూడదనేవారు షిర్క్ గురించి, బిద్అత్ గురించి హెచ్చరిస్తారు. గొంతులు పెరుగుతాయి, స్నేహాలు చెడుతాయి. అయితే ఇరువర్గాలలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ సమాధిలో ఉన్న మహనీయుడు ఎలా జీవించారు? ఎవరి సమాధులను ఆయన దర్శించారు? తన గురువు నుండి ఆయన ఏమి తీసుకున్నారు? ఇవి తెలిస్తే మన వాదనలో సగం అక్కడే తేలిపోతుంది.

ఢిల్లీ నుండి దౌలతాబాద్‌కు

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసైనీ. హిజ్రీ 721 రజబ్ నెలలో, అంటే క్రీ.శ. 1321లో ఢిల్లీలో జన్మించారు. తండ్రి సయ్యద్ యూసుఫ్ హుసైనీని ప్రజలు రాజూ ఖత్తాల్ అని పిలిచేవారు. ఆయన హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మలై) శిష్యులలో ఒకరు. అంటే ఆ ఇంట్లో భక్తిశ్రద్ధలు ముందునుండే ఉన్నాయి.

బాలుడికి ఏడేళ్లు వచ్చేసరికి సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీలోని ప్రముఖులను, పండితులను, సూఫీలను దక్కనులోని దౌలతాబాద్‌కు తరలించాడు. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో రాజూ ఖత్తాల్ కుటుంబం కూడా ప్రయాణించింది. అక్కడ స్థిరపడిన కొద్దికాలానికే, హిజ్రీ 731లో తండ్రి కన్నుమూశారు. దౌలతాబాద్ సమీపంలోని ఖుల్దాబాద్‌లో ఆయనను ఖననం చేశారు. అప్పటికి కుమారుడి వయసు పదేళ్లు. మరో ఐదేళ్లకు తల్లి తన సోదరునితో వచ్చిన మనస్పర్థ వల్ల పిల్లలను వెంటబెట్టుకుని మళ్లీ ఢిల్లీ దారి పట్టింది. తండ్రి సమాధి దక్కను నేలలో ఉండిపోయింది.

గురువు చెంత

ఢిల్లీలో ఆ కుర్రవాడు జుమా నమాజుకు వెళ్లినప్పుడు హజ్రత్ నసీరుద్దీన్ చరాగ్ దెహ్లవీ (రహ్మలై) గారిని చూశాడు. నిజాముద్దీన్ ఔలియా (రహ్మలై) తర్వాత ఢిల్లీలో చిష్తియా మార్గానికి దీపంగా నిలిచినవారు ఆయనే. హిజ్రీ 736 రజబ్ నెలలో, 15 ఏళ్ల వయసులో, అన్నగారితో కలిసి ఆయన చేతిలో చేయి వేసి మురీద్ అయ్యారు.

గురుభక్తి మనసు నిండా ఉన్న ఆ యువకుడికి చదువు మీద ధ్యాస తగ్గింది. పుస్తకాలు పక్కన పెట్టి పూర్తిగా జిక్ర్‌లో, ఏకాంతంలో గడపాలని ఉబలాటపడ్డారు. గురువు ఒప్పుకోలేదు. ముందు షరీఅత్ విద్యలన్నీ క్షుణ్ణంగా పూర్తి చేయమని, ఆ చదువుతో తనకు పని ఉందని నచ్చజెప్పారు. ఆయన తలవంచి తిరిగి పాఠాలకు కూర్చున్నారు. ఖాజీ అబ్దుల్ ముఖ్తదిర్ వంటి ఆనాటి ఉద్దండుల వద్ద ఫిఖ్‌హ్, తఫ్సీర్, హదీసు చదివారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పీరు అంటే చదువు అక్కర్లేనివాడని, తరీఖత్ అంటే షరీఅత్‌కు వెలుపలి దారి అని మన సమాజంలో ఒక దురభిప్రాయం ప్రబలింది. నమాజు లేని ఫకీరును చూసి, ఆయన లోలోపల చదువుకుంటున్నాడని సర్దిచెప్పే అమాయకులు నేటికీ ఉన్నారు. బందానవాజ్ (రహ్మలై) గారి మొదటి పాఠమే దీనికి విరుద్ధం. గురువు ఆయనను ఖాన్‌ఖాలోకి చేర్చుకున్నది నిజమే, కాని ఆ దారి మదర్సా గుండా వేశారు.

గేసూదరాజ్ అంటే పొడవైన కురులు గలవాడని అర్థం. ఆ పేరు వెనుక ఒక సంఘటన చెబుతారు. ఒకరోజు శిష్యులు గురువుగారి పల్లకీ మోస్తున్నారు. భుజం పట్టిన సయ్యద్ ముహమ్మద్ గారి పొడవైన జుట్టు పల్లకీ బొంగు వద్ద ఇరుక్కుంది. జుట్టు తీసుకోవాలంటే పల్లకీ దించాలి. గురువుకు అసౌకర్యం కలుగుతుందని ఆయన నొప్పిని ఓర్చుకుంటూ చాలా దూరం అలాగే నడిచారు. విషయం తెలిసి గురువు సంతోషించారు. అప్పటి నుండి ఆ పేరు నిలిచిందంటారు.

ఇంతటి భక్తిని అందుకున్న గురువు ఎలాంటివారో కూడా తెలుసుకోవాలి. పెద్దల ముందు నేలకు తల ఆనించే ఆచారం ఆనాటి ఖాన్‌ఖాలలో ఉండేది. చరాగ్ దెహ్లవీ (రహ్మలై) తన ముందు అలా చేయడాన్ని నిషేధించారు. సమా సభల్లో వాయిద్యాలను కూడా ఆయన అంగీకరించలేదు. ప్రాణంతో ఎదురుగా కూర్చున్న పీరుకే సజ్దా కూడదని బందానవాజ్ గారి గురువు ఏడు శతాబ్దాల కిందట తేల్చేశారన్నమాట. మరి రాతి గడపకు సజ్దా చేసేవారు ఎవరి మార్గాన్ని అనుసరిస్తున్నట్టు?

స్నానపు మంచం తాళ్లు

హిజ్రీ 757 రమజాన్‌లో, అంటే 1356లో చరాగ్ దెహ్లవీ (రహ్మలై) పరమపదించారు. నిజాముద్దీన్ ఔలియా (రహ్మలై) నుండి తనకు సంక్రమించిన ఖిర్ఖా, చేతికర్ర, జపమాల వంటి పవిత్ర వస్తువులను ఎవరికీ ఇవ్వకుండా తనతోపాటే సమాధిలో పెట్టమని ఆయన వసీయత్ చేశారు. శిష్యులు అలాగే చేశారు. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన గుర్తులు ఆ రోజు మట్టిలో కలిసిపోయాయి.

35 ఏళ్ల సయ్యద్ ముహమ్మద్ గారు గురువు పార్థివదేహానికి స్నానం చేయించినవారిలో ఉన్నారు. గుస్ల్ ముగిశాక ఆ మంచం తాళ్లను విప్పి తన మెడలో వేసుకుని, తనకు ఖిర్ఖా ఇదే చాలని భావించారని సూఫీ చరిత్రలు చెబుతాయి. శవస్నానపు మంచం నులక తాళ్లు! మృత్యువును గుర్తుచేసే వస్తువు అంతకన్నా మరొకటి ఉంటుందా? సమాధి నుండి ఏమి తెచ్చుకోవాలో ఆయన ఆ రోజే మనకు చూపించారు. మనం దర్గా నుండి తెచ్చుకునే దారాలు కోరికలను గుర్తుచేస్తాయి. ఆయన మెడలో వేసుకున్న తాడు చావును గుర్తుచేసింది.

ఆ తర్వాత 42 ఏళ్లు ఆయన ఢిల్లీలోనే బోధన సాగించారు. 40 ఏళ్ల వయసులో తల్లి మాట కాదనలేక వివాహం చేసుకున్నారు. భార్య పేరు రజా ఖాతూన్. అల్లాహ్ వారికి ఇద్దరు కుమారులను, ముగ్గురు కుమార్తెలను ప్రసాదించాడు.

తండ్రి సమాధి వద్ద

1398 డిసెంబరులో తైమూరు సేనలు ఢిల్లీ మీద విరుచుకుపడ్డాయి. ఆ విధ్వంసం మొదలయ్యే వేళకు బందానవాజ్ (రహ్మలై) కుటుంబంతో, శిష్యులతో నగరం విడిచి బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు 77 ఏళ్లు. గ్వాలియర్, చందేరీ, బరోడా, ఖంభాత్ మీదుగా ప్రయాణం సాగింది. దారి పొడవునా జనం ఆయన వద్దకు వచ్చి ఉపదేశం పొందేవారు. ఆ దారి చివరకు దౌలతాబాద్‌కు, అక్కడి నుండి ఖుల్దాబాద్‌లోని తండ్రి సమాధికి చేరింది.

పదేళ్ల పిల్లవాడిగా తండ్రిని మట్టిలో పెట్టి, పదిహేనేళ్ల వయసులో ఆ ఊరు విడిచి వెళ్లిన కుమారుడు, ఆరు దశాబ్దాలు దాటాక తెల్లని గడ్డంతో తిరిగి వచ్చి ఆ సమాధి ముందు నిలబడ్డారు. తండ్రి బతికిన కాలం కన్నా ఆయన ఎంతో ఎక్కువ కాలం బతికారు. ఇల్లు వదిలి, ఊరు వదిలి, కాలిపోతున్న రాజధానిని వెనక వదిలి వచ్చారు. అక్కడ ఆయన కోసం తిరునాళ్లు ఎదురుచూడటం లేదు. సలాం చెప్పడానికి, మగ్ఫిరత్ కోసం చేతులెత్తడానికి వచ్చారు. జియారత్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ దృశ్యాన్ని చూపితే చాలు.

గుల్బర్గాలో చివరి రెండు దశాబ్దాలు

ఆయన రాక గురించి విని బహమనీ సుల్తాను ఫిరోజ్ షా గుల్బర్గాకు ఆహ్వానించాడు. 1400 ప్రాంతంలో ఆయన అక్కడికి చేరారు. 80 ఏళ్ల వయసులో కొత్త ఊళ్లో మళ్లీ మొదటి నుండి పాఠాలు ప్రారంభించారు. తఫ్సీర్, హదీసు, ఫిఖ్‌హ్ బోధించారు. ప్రసిద్ధ అరబీ గ్రంథం ఆదాబుల్ మురీదీన్‌ను పర్షియన్‌లో వివరించారు. శిష్యులు పాటించవలసిన నియమాలతో ఖాతిమా రాశారు. పెద్ద కుమారుడు సయ్యద్ అక్బర్ హుసైనీ తండ్రి ప్రసంగాలను జవామిఉల్ కలిమ్ పేరుతో గ్రంథస్థం చేశారు. ఆ కుమారుడు తండ్రి కన్నా ముందే మరణించాడు. వృద్ధాప్యంలో పుత్రశోకాన్ని భరిస్తూనే ఆయన తన పని కొనసాగించారు.

ఫిరోజ్ షా స్వయంగా పండితుడు. తర్కం, ఖగోళశాస్త్రం అంటే అతనికి మక్కువ. తొలినాటి గౌరవం నెమ్మదిగా చల్లబడింది. చరిత్రకారుడు ఫరిష్తా రాసిన ప్రకారం, సుల్తాను తన కుమారుణ్ణి వారసునిగా నిర్ణయించి ఆశీర్వదించమని కోరగా బందానవాజ్ (రహ్మలై) ఒప్పుకోలేదు. సుల్తాను తమ్ముడు అహ్మద్‌కే సింహాసనం రాసిపెట్టి ఉందని ఆయన అభిప్రాయం. ఆగ్రహించిన సుల్తాను, ఖాన్‌ఖా వద్ద జనసందోహం కోటకు ఇబ్బందిగా ఉందంటూ అక్కడి నుండి వెళ్లిపొమ్మన్నాడు. ఆయన ఎదురు మాట్లాడకుండా నగరం వెలుపలికి మారారు. ఇప్పుడు దర్గా ఉన్న చోటు అదే.

1422 శరదృతువులో ఈ కథ ముగిసింది. ఫిరోజ్ షా గద్దె దిగి తమ్ముడు అహ్మద్ షాకు అప్పగించాల్సి వచ్చింది. కొద్ది రోజులకే మరణించాడు. నవంబరు 1న, హిజ్రీ 825 జిల్ ఖాదా 16న, బందానవాజ్ (రహ్మలై) కూడా అల్లాహ్ సన్నిధికి చేరారు. చాంద్రమాన లెక్కన ఆయన వయసు 104 ఏళ్లు. అహ్మద్ షా ఆయన సమాధిపై పెద్ద గుంబద్ కట్టించాడు. సుల్తాను ఫిరోజ్ సమాధి కూడా అదే ఊళ్లోని హఫ్త్ గుంబద్‌లో ఉంది. అదీ ఎంతో గొప్ప కట్టడమే. కాని అక్కడ నిలబడి చేతులెత్తేవారు ఎంతమంది? తన కోట దగ్గర ఉండవద్దని సుల్తాను ఎవరిని పంపాడో, జనం ఆయననే వెతుక్కుంటూ వెళుతున్నారు. గౌరవాన్ని ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే.

ఆయన పేరు మీద

మహనీయులు పోయాక వారి పేరు మీద వారివి కానివి కూడా చేరతాయి. మేరాజుల్ ఆషిఖీన్ అనే దక్కనీ పుస్తకాన్ని ఆయన రచన అని ఎంతోకాలం నమ్మారు. ఉర్దూ గద్యంలో మొదటి పుస్తకంగా విద్యార్థులకు బోధించారు. తర్వాతి పరిశోధకులు అది ఆయన తర్వాతి కాలం నాటి మరొకరి రచన అని తేల్చారు. పుస్తకం విషయంలోనే ఇంత పొరపాటు జరిగితే, నోటి మాటగా పెరిగిన కథల సంగతి ఏమిటి? గుల్బర్గా వెళితే హజ్ చేసినట్టేనని కొందరు పామరులు అంటారు. జీవితమంతా ఫిఖ్‌హ్ బోధించిన వ్యక్తి పేరు మీద ఇంతకన్నా అన్యాయమైన మాట లేదు. జిల్ ఖాదా నెల స్వయంగా హజ్ నెలల్లో ఒకటి. స్తోమత గలవారికి హజ్ ఫర్జ్. దానికి బదులు ఏదీ లేదు.

ఆయన పేరు మీద మంచి కూడా జరిగింది. అహ్మద్ షా ఆ ఖాన్‌ఖాకు గ్రామాలను ఇనాముగా ఇచ్చాడు. తొలితరం చిష్తీ పెద్దలు రాజుల భూములకు దూరంగా ఉండేవారు. కాబట్టి ఆ సంపద ఒక పరీక్షే. ఈ కాలంలో దర్గా నిర్వాహకుల ఆధ్వర్యంలో గుల్బర్గాలో పాఠశాలలు, కళాశాలలు వెలిశాయి. ఆడపిల్లల కళాశాల ఒకటి ఆయన సతీమణి బీబీ రజా పేరుతో నడుస్తోంది. 2018లో బందానవాజ్ పేరుతో విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. పాఠాలు చెప్పిన మనిషికి చాదర్ కన్నా బడి తగిన కానుక కాదా?

జియారత్ ఎలా?

దైవప్రవక్త (స) మొదట సమాధుల దర్శనాన్ని వారించి, తర్వాత అనుమతించారు. అది పరలోకాన్ని గుర్తుచేస్తుందన్నది దానికి చెప్పిన కారణం. ఆయన (స) రాత్రివేళ బఖీ ఖబ్రస్తాన్‌కు వెళ్లి అక్కడి మృతులకు సలాం చెప్పి, వారి క్షమాపణ కోసం దుఆ చేసేవారు. తన సమాధిని పండుగ స్థలంగా చేయవద్దని సమాజాన్ని హెచ్చరించారు. ప్రవక్తల సమాధులను ఆరాధనాలయాలుగా మార్చుకున్న పూర్వ జాతులను చివరి అనారోగ్యంలో సైతం ఖండించారు.

కాబట్టి వెళ్లేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. ప్రవేశించగానే సలాం చెప్పాలి. ఖుర్ఆన్ పారాయణం చేసి, ఆ మహనీయుని కోసం, సమస్త విశ్వాసుల కోసం దుఆ చేయాలి. ఏదో ఒకరోజు తానూ మట్టిలో ఉంటానని తలచుకోవాలి. సజ్దా, తవాఫ్ అల్లాహ్ కోసమే. మొక్కుబడి కూడా ఆరాధనే, కనుక అదీ అల్లాహ్‌కే. వసీలా విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది. కాని సంతానం, ఆరోగ్యం, ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడేనన్న విషయంలో ఎవరికీ భేదం లేదు. ఊరేగింపు చూస్తూ అసర్, మగ్రిబ్ పోగొట్టుకోకూడదు. తోపులాటలో పర్దా, మర్యాద మరచిపోకూడదు.

మరో ముఖ్యమైన మాట. ఉర్సు కోసం అప్పు చేయకండి. ఇంట్లో గిన్నెలు తాకట్టు పెట్టి చాదర్ కొన్న కుటుంబాలను నేను చూశాను. పిల్లవాడి బడి రుసుము ఆపి మేక కొన్న తండ్రినీ చూశాను. చదువు మానుకుంటానన్న బందానవాజ్ గారిని గురువు తిరిగి చదువుకు పంపారని ఆ తండ్రికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇలా వెళ్లేవారిని దూషించడం కూడా సరికాదు. చాలామంది వెళ్లేది దుఃఖంతో, ఆశతో. వారికి కావలసింది నచ్చజెప్పే మాట. తిట్టు వింటే మనిషి దూరమవుతాడు గాని మారడు.

చిన్నప్పుడు మా నానీ నన్ను గుల్బర్గా ఉర్సుకు తీసుకెళ్లింది. నా కళ్లన్నీ రంగుల రాట్నం మీదే ఉన్నాయి. ఆమె గుంబద్ ముందు ఒక మూల నిలబడి ఫాతిహా చదివి, చాలాసేపు చేతులెత్తి కన్నీళ్లు పెట్టుకుంది. రైలులో తిరిగి వస్తూ, బాబాను ఏమి అడిగావని అడిగాను. ఆయనను ఏమీ అడగలేదని, ఆయన కోసం అడిగానని చెప్పింది. తాను పోయాక తన కోసం నేనూ అలాగే అడగాలని కోరింది. ఆమె ఒక్క కితాబు చదువుకోలేదు. మదర్సాలో ఎన్నో ఏళ్లు చదివాక నాకు అర్థమైన జియారత్ మసాయిల్ సారమంతా ఆమె ఆ రెండు మాటల్లోనే ఉంది.

అల్లాహ్ తఆలా హజ్రత్ బందానవాజ్ గేసూదరాజ్ (రహ్మలై) గారి దర్జాలను పెంచుగాక! మన మృతులందరినీ క్షమించుగాక! సమాధుల వద్దకు వెళ్లినప్పుడు చావును తలచుకుని, ఇంటికి తిరిగి వచ్చాక జీవితాన్ని దిద్దుకునే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.